పాదసూచికలో మా ఇంటిపేరు

ఖమ్మంలో నేను పనిచేసే కాలేజీలో పిల్లలు నా వెనకాల పెట్టుకున్న పేరు 'పాదసూచిక మేడం'. ఆ పేరు నా చెవిన పడిందని వాళ్ళకు తెలియదు. విని లోపల్లోపల మురిసిపోయాను కూడా. చరిత్ర పాఠం ఎవరైనా చెబుతారు, పేజీ అడుగున సన్నక్షరాల్లో ఆధారం ఎలా చూపించాలో చెప్పేవాళ్ళేరీ? పాత కాగితం వాడుకుంటే అది ఏ ఊళ్ళో, ఏ ఆఫీసులో, ఏ కట్టలో, ఏ ఫైలులో ఉందో రాయాలి. ఎవరింట్లోనైనా దొరికితే ఆ ఇంటివాళ్ళ పేరూ ఊరూ రాయాలి. మన తర్వాత వచ్చేవాడు అదే కాగితం తీసి చూసి, మనం చెప్పింది నిజమో అబద్ధమో తేల్చుకోగలగాలి. 'ఒక పాత పత్రం ప్రకారం' అని ఎవరైనా రాసుకొస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ఇల్లెక్కడో చెప్పకుండా పెళ్ళికి పిలుస్తావా అని నలుగురిలో దులిపేసేదాన్ని. అలా నిలబెట్టి అడిగితే ఒకమ్మాయి ఏడ్చింది. ఏడిస్తే ఏడ్చిందిలే, నేర్చుకుంటుంది అనుకున్నాను.

నిజంగానే నేర్చుకుంది. మణుగూరు అవతల అడవిలో కోయపల్లె ఆమెది. డిగ్రీ మా దగ్గరే చదివి, యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరింది. ఈ అడవి అంచు ఊళ్ళలో కోయవాళ్ళ భూములు బయటినుంచి వచ్చినవాళ్ళ చేతికి ఎలా పోయాయన్నది ఆమె పరిశోధన. సెలవులకు వచ్చినప్పుడల్లా ఖమ్మంలో దిగి, రాసింది నాకు చూపించి పోయేది. పాదసూచికలు ఎంత శుభ్రంగా ఉండేవంటే, దిద్దడానికి ఏమీ దొరక్క నాకు ఒకింత విసుగొచ్చేది.

ఒకసారి దిగులుగా వచ్చింది. ఆఫీసుల్లో ఎన్ని రికార్డులు తిరగేసినా, భూమి ఇప్పుడు ఎవరి పేరు మీద ఉందో తెలుస్తోంది కానీ వాళ్ళకెలా వచ్చిందో ఎక్కడా లేదట. ఏజెన్సీ భూమి బయటివాళ్ళు కొనడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి అవన్నీ తెల్లకాగితాల మీద రాసుకున్న అమ్మకాలు. మా వైపు వాటిని సాదా బైనామాలు అంటారు. అవి ఇళ్ళల్లో ఉంటాయి, ఎవరూ బయటపెట్టరు. అవి లేకపోతే తన థీసిస్‌లో అసలు అధ్యాయమే లేదని చెప్పింది.

"మా ఇంట్లో ఉన్నాయిగా" అన్నాను.

ఎందుకన్నానంటే ఏం చెప్పను? గొప్ప. మా తాత కృష్ణా జిల్లా నుంచి బండి కట్టుకుని అశ్వారావుపేట వైపు వచ్చినవాడు. ఉత్త చేతులతో అడవి కొట్టి, బంగారం పండించాడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళం. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ట్రంకుపెట్టెలో ఆ కాగితాలు చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను, అక్షరాలు చూసి మురిశాను తప్ప ఏనాడూ చదవలేదు. చరిత్ర లెక్చరర్ని నేను. ఊరందరి కాగితాలూ చదివాను కానీ మా ఇంటివి చదవలేదు.

ఒక ఆదివారం ఆమెను మా ఊరు తీసుకెళ్ళాను. మా అన్న పామాయిల్ గెలలు ట్రాక్టరుకెత్తించి ఫ్యాక్టరీకి వెళ్ళాడు. వదిన కాఫీ ఇచ్చి, పెట్టె దింపించింది. ఆ అమ్మాయి వరండాలో చాప మీద కూర్చుని ఒక్కో కాగితం విప్పి, ఫోన్‌తో ఫొటో తీసి, మెల్లగా పైకి చదవడం మొదలుపెట్టింది. నేను పక్కనే కుర్చీలో కూర్చుని విన్నాను. నాగళ్ళు నడుస్తున్న చేను అని రాసుంది. తూర్పున వాగు, పడమట ఫలానావాడి జొన్నచేను అని హద్దులు రాసున్నాయి. అడవి కొట్టింది మా తాత కాదు. ఆయన వచ్చేసరికే అక్కడ జొన్న పండుతోంది. ప్రతి కాగితం చివరా ఒకటే మాట, నా పూర్తి ఇష్టంతో రాసిచ్చాను అని. దాని కింద మసిబారిన వేలిముద్ర.

ఆమె కాగితం మీంచి తలెత్తి అడిగింది. "రాత మీ తాతది గదా మేడం. మరి ఇష్టం ఎవరిది?"

అమ్మాయి ఎత్తిపొడవలేదు. నిజంగానే అడిగింది, పాఠంలో అర్థం కానిది అడిగినట్టు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ చేలున్నది మీ వాళ్ళ ఊరేనా అని అడిగాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. తమ ఊరు కాదట, వాళ్ళ మేనత్తను ఇచ్చిన ఊరట. అక్కడిప్పుడు వాళ్ళు మా చేలల్లోనే కూలికి పోతారట. అది విన్నాక నేను చేసిన పని చెబితే నవ్వుతారు. పాఠం మొదలుపెట్టాను. కాగితాలకు వరసగా నంబర్లు వెయ్యి, వెనకవైపు కూడా ఫొటో తియ్యి, వేలిముద్ర ఉందని బ్రాకెట్లో రాయి అని చెబుతూ కూర్చున్నాను. పాపం అన్నీ రాసుకుంది.

రాత్రికి అన్న ఫోన్ చేశాడు. వదిన చెప్పేసింది. మా అన్న గట్టిగా మాట్లాడే మనిషి కాదు, ఆ రోజు కూడా అరవలేదు. "మన ఇంటిపేరు పుస్తకంలో పడిందంటే రేపు ప్రతివాడూ వచ్చి మన చేలో నిలబడతాడు. నీకేం, నెలయితే జీతం వస్తుంది. నాకున్నది ఈ తోటే" అన్నాడు. నాకు కోపం వచ్చింది. అయినా పేరు పడకుండా చూస్తానని మాటిచ్చాను.

మర్నాడు ఆ అమ్మాయికి ఫోన్ చేసి, మా పేరు తీసేసి 'ఒక ప్రైవేటు సేకరణ, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా' అని రాసుకోమన్నాను. "గట్ల రాయొచ్చా మేడం?" అంది. రాయొచ్చు, అక్కడక్కడా రాస్తారు అన్నాను. రాస్తారు, నిజమే, కానీ అలా రాసినవాళ్ళను నేనేం చేసేదాన్నో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. సరే మేడం అని పెట్టేసింది. చెప్పేది శ్రీరంగనీతులు అంటారే, అదుగో ఆ బాపతు నేను.

థీసిస్ పరీక్షకుడి దగ్గరికి వెళ్ళింది. కొన్ని నెలలకు తిరిగొచ్చింది. అధ్యాయం మొత్తానికి ఆధారమైన పత్రాలు ఎవరి దగ్గర ఉన్నాయో చెప్పలేదు, వెళ్ళి చూసే దారి లేదు, ఇవి అసలైనవేనా అన్న అనుమానం ఉంది, ఉన్నచోటు చెప్పాలి లేదా అధ్యాయం తీసేయాలి అని పరీక్షకుడు రాశాడు. ఆయనను తప్పుబట్టడానికి లేదు. నేనైనా అదే రాసేదాన్ని, ఇంకా ఘాటుగా. గైడు పిలిచి ఎవరివని అడిగితే, ఇచ్చినవాళ్ళకు మాటిచ్చానని చెప్పి ఊరుకుందట. ఇది నాకు ఆమె చెప్పలేదు. ఆ యూనివర్సిటీలో సెమినార్‌కు వెళ్ళినప్పుడు స్టాఫ్ రూములో తెలిసింది.

అక్కడ టీ తాగుతూ ఒకాయన నవ్వుతూ అన్నాడు, ఆ అమ్మాయి హాస్టల్లో కూర్చుని తన వేలే కాటుకలో ముంచి ముద్రలు వేసుకుని ఉంటుందని. ఇంకొకాయన, వేళ్ళు పది ఉన్నాయిగా, పది ఊళ్ళు రాసేసి ఉంటుంది అన్నాడు. అందరూ నవ్వారు. పాత పత్రాల సంగతి మీకు బాగా తెలుసు కదా, మీరేమంటారు మేడం అని నన్నే అడిగారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. చూడాలండీ అన్నాను. చూడాలట! పెట్టె మా ఇంట్లో ఉంది, వేలిముద్రలు నా కళ్ళతో చూశాను, ఆ పిల్ల నా ఎదురుగానే ఫొటో తీసింది, నేను చూడాలండీ అన్నాను. టీ మొత్తం తాగాను. కప్పు కింద పెట్టి, బాగుందండీ అని కూడా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చచ్చిపోతుంది. దొంగతనం మా తాత కాలానిది, సరే. ఆ నవ్వులో కలిసింది మాత్రం నేనే.

ఖమ్మం వచ్చాక ఆమే కలవడానికి వచ్చింది. నన్ను తిట్టడానికి వచ్చిందేమోనని భయపడ్డాను, తిడితే బాగుండు అని కూడా అనుకున్నాను. అధ్యాయం తీసేస్తానని చెప్పడానికి వచ్చింది. గడువు దగ్గరికొచ్చింది, ఇంకో దారి లేదంది. అది తీసేస్తే ఇంకేం ఉంటుంది అన్నాను. "ఏముంటది మేడం, భూములు పోయినయి అని ఉంటది. ఎట్ల పోయినయో ఉండది" అంది. నా పేరు చెప్పెయ్యకపోయావా అన్నాను. మాట తీసుకున్నది నేను, చెప్పలేదేమని అడుగుతున్నదీ నేనే. ఆమె నా ముఖం చూడకుండా, "మీరు చెప్పొద్దన్నరు గదా" అంది.

ఆ శనివారం మా ఊరు వెళ్ళాను. అన్న తోటలో ఉంటే అక్కడికే నడిచాను. పేరు ఇస్తున్నానని చెప్పాను. ఆడపిల్లవి, నీ వాటా నీకు ముట్టింది, దీంట్లో తలదూర్చకు అన్నాడు. కాగితాలు చింపేస్తే ఏం చేస్తావు అన్నాడు. ఫొటోలున్నాయి, చింపావని కూడా పాదసూచికలో రాయిస్తాను అన్నాను. ఆ మాట అనుకోకుండా వచ్చేసింది. అన్న గెలలు లెక్కపెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ నాతో మాట్లాడడు. ఆయన భయం ఉత్తది కాదు, ఆ తోట మీద ఇద్దరు పిల్లల చదువులు నడుస్తున్నాయి. నాకు ఆయన మీద జాలి ఉంది. కానీ పెట్టె మాత్రం కారులో వేసుకుని ఖమ్మం వచ్చేశాను.

పత్రాలు మా ఇంటివే, నా దగ్గర ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు అని నేను సంతకం చేసి ఇస్తే చాలు, అధ్యాయం నిలుస్తుంది. ఆ అమ్మాయి సరిచేసిన పేజీ తీసుకుని ఇంటికి వచ్చింది. పేజీ అడుగున పాదసూచిక చదివాను. మా ఇంటిపేరు సరిగ్గా ఉంది. ఊరు, పత్రం నంబరు, వేలిముద్ర, ఇప్పుడు ఎక్కడ ఉందో, అన్నీ ఉన్నాయి. ఒక్కటే తక్కువైంది. ఇళ్ళల్లో దొరికిన కాగితం వాడుకుంటే ఇచ్చినవాళ్ళ పేరు పక్కన 'వారి సౌజన్యంతో' అని రాయడం ఆనవాయితీ. తెలుగు పుస్తకాల్లో ఏ పాత ఫొటో కింద చూసినా ఆ మాట ఉంటుంది. చెయ్యి దానంతటదే ఎర్రపెన్ను తీసింది. మా ఇంటిపేరు పక్కన 'వారి సౌజన్యంతో' అని రాసి పేజీ ఆమె ముందు పెట్టాను.

ఆమె చూసి, పేజీ మళ్ళీ నా వైపు జరిపింది.

"మీ ఇంట్లున్నయని రాసిన. అది నిజం. గా మాట నేను రాయలేను మేడం."

అది పద్ధతి అనబోయాను. నోటిదాకా వచ్చింది. సౌజన్యం అంటే మంచితనం. వాళ్ళ మేనత్త ఊరి చేలు తీసుకున్న కాగితం కింద, మా మంచితనం వల్ల దొరికిందని ఆ పిల్ల చేత రాయించబోయాను. అదీ నా చేతిరాతతో, వాళ్ళ ఇష్టాన్ని మా తాత తన చేతిరాతతో రాసినట్టే. సిగ్గుతో ఆమె ముఖం చూడలేకపోయాను. ఎంతమంది పిల్లల రాతల్లో ఎన్ని మాటలు కొట్టేశానో, నా రాతను నేను కొట్టేసింది మాత్రం అప్పుడే. గీత మీద గీత కొట్టాను, ఎంత కొట్టినా కింద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. కాగితం చిరిగేలా ఉంది.

ఆమె మెల్లగా పేజీ నా చేతి కిందనుంచి తీసుకుంది.

"పర్వాలేదు మేడం. మళ్ళ టైపు చేపిస్త గదా, అప్పుడు పోతది" అంది.