గంజి పెట్టిన తాళ్లు

సముద్రానికి ఇంత దూరంలో, దిల్‌సుఖ్‌నగర్‌లో రెండో అంతస్తు ఫ్లాట్‌లో కూర్చుని పాతకాలపు తెరచాప ఓడల నమూనాలు చేసేవాణ్ణి వేళాకోళం చేయకుండా ఎవరుంటారు? మా బావమరిది వచ్చినప్పుడల్లా ఓడ వంక చూసి, "బావా, వానకాలం మూసీ పొంగి మూసారాంబాగ్ బ్రిడ్జి మునిగితే మనకు గిదే దిక్కు" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. కానీ ఆ మాటకు మా అమ్మ ప్రతిసారీ కొత్తగా విన్నట్టు పడీపడీ నవ్వేది. అందుకని ఊరుకునేవాణ్ణి.

నేను చేస్తున్నది మూడు వందల ఏళ్ల కిందట బట్టల కోసం బందరు రేవుకు వచ్చిన సరుకు ఓడల్లాంటిది. అసలు ఓడలో అడుగు, నా ఓడలో పావు అంగుళం. సైదాబాద్‌లో ఒక వడ్రంగి షాపు నుంచి మిగిలిపోయిన టేకు ముక్కలు తెచ్చి, సన్నటి పలకలుగా చీల్చి, ఆవిరి పట్టి వంచి, ఒక్కొక్కటే అతికించాను. ఓడ పొట్ట తయారైంది. తెరచాపలు కట్టే మూడు నిలువు కొయ్యలూ లేచాయి. ఇక ఆ కొయ్యలను పట్టి నిలిపే తాళ్లు కట్టాలి. అక్కడ ఆగిపోయాను.

టైలరింగ్ సామాను దుకాణంలో దొరికే దారానికి నూగు ఉంటుంది. చొక్కా గుండీకి కుడితే అది ఎవరికీ కనబడదు. రెండడుగుల ఓడ మీద మాత్రం అదొక్కటే కనబడుతుంది. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసి, "గిది తాడా, గొంగళి పురుగా?" అంది.

అమ్మది పోచంపల్లి దగ్గర నేత ఇల్లు. నాన్న ఇక్కడ చీరల దుకాణం పెట్టినప్పుడు మగ్గం వదిలేసి వచ్చింది. తర్వాత ఎన్నో చీరలు మడతపెట్టింది కానీ ఒక్కటీ నేయలేదు. అయినా ఆమె చేతులు ఊరుకునేవి కావు. టీవీ చూస్తూ కొంగు చివర పోగులు మెలేస్తూ కూర్చునేది. ఈ ఓడలు మనవాళ్లు నేసిన బట్టలు మోసుకుపోయేవని చెబితే చేతిలో కొంగు వదిలేసి ఓడ దగ్గరికి జరిగింది.

"గట్లయితే తాళ్లు మనమే పేనాలె గద కొడుకా" అంది.

ఊళ్లో ఇంకా మగ్గం నడిపే పెద్దమ్మ వాళ్లింటి నుంచి సన్ననూలు తెప్పించింది. ఏ తాడు ఎంత లావుండాలో నేను చెబితే అన్ని పోగులు కలిపి పేనేది. అన్నం గంజి పట్టించి, బాల్కనీ గ్రిల్లుకూ బట్టలారేసే కడ్డీకీ మధ్య బిగలాగి కుంచెతో దువ్వేది. మగ్గం ఎక్కించే ముందు పడుగుకు, అంటే నిలువు పోగులకు, ఏం చేస్తారో అదే చేసింది. ఎండకు ఆరేసరికి నూగంతా అణిగి తాడు నున్నగా, బిర్రుగా తేలేది. నా జన్మలో అంత మంచి తాడు చూడలేదు.

కట్టడం కూడా ఆమే కట్టింది. దేవుడి అరలోంచి ఊదుబత్తి బూడిద తెచ్చి వేళ్లకు రాసుకునేది. తెగిన పోగు అతికేటప్పుడు నేతవాళ్లు వేళ్లు జారకుండా అలా రాసుకుంటారు. ఆమె వేసిన ముడి ఎక్కడ మొదలైందో కనబడేది కాదు. నేను ఎదురుగా కూర్చుని "అమ్మా, జర ఎడమకు", "ఇంక జర గట్టిగ" అంటూ పెత్తనం చేసేవాణ్ణి.

"నువ్వు మేస్త్రివి, నేను కూలిదాన్నార?" అనేది.

ఆదివారం మధ్యాహ్నాలన్నీ అలాగే గడిచాయి. పెద్దవాణ్ణయ్యాక అమ్మతో అంతంత సేపు కూర్చున్నది అప్పుడే.

పోయిన చలికాలం ఆమెను ఎల్బీనగర్‌లో ఒక దవాఖానలో చేర్చాం. అక్కడ కూడా నా చెయ్యి పట్టుకుని, "ఓడ మీద దుమ్ము పడనియ్యకుర" అంది. ఇంటికి తిరిగి రాలేదు. ఆమె మాట ప్రకారం ఆమె పాత నూలు చీర ఒకటి ఓడ మీద కప్పాను. ఆ చీర ఎత్తి చూడడానికి చాన్నాళ్లు మనసొప్పలేదు.

ఈ వానాకాలం గోడకు చెమ్మ పట్టింది. ఓడను జరపక తప్పలేదు. చీర తీయగానే రెండు బొద్దింకలు పరుగెత్తాయి. కొయ్యలు బోసిగా నిలబడి ఉన్నాయి. తాళ్లు లేవు. అక్కడక్కడా కొరికి వదిలిన తునకలున్నాయంతే.

గంజిని తినడానికి వచ్చి నూలును కూడా తిన్నాయి. పడుగుకు పెట్టిన గంజి బట్ట నేశాక ఉతుకులో పోతుంది. ఓడను ఉతకం కదా. తరతరాలుగా గంజి పెట్టిన ఇంటివాళ్లం, ఇద్దరిలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. అమ్మ ఉంటే ముందు నెత్తి కొట్టుకునేది, తర్వాత నవ్వేది. నేను మాత్రం ఆ చీర పట్టుకుని కూర్చుని ఏడ్చాను.

"తాళ్లే గద, మళ్ల కట్టుండ్రి" అంది మా ఆవిడ, నన్నలా చూడలేక.

అమ్మ మిగిల్చిన నూలు ఉంది. కూర్చుని పేనాను. వదలగానే మెలిక విడిపోయింది. రెండోసారీ అంతే. ముందు ఏ వైపు తిప్పేది, పోగు ఎంత తడిగా ఉండేది, నాకేమీ గుర్తు లేదు. అన్ని ఆదివారాలూ ఎదురుగానే ఉన్నాను. చూసింది ఓడను. ఎంత కుమిలినా ఇప్పుడు ఆ చేతుల్ని ఎక్కడ చూడను?

ముడులు మాత్రం మిగిలాయి. బూడిద రుచి బొద్దింకలకు సహించలేదేమో. కొయ్యల వెంట, ఓడ అంచుల వెంట ఆవగింజలంత ముడులు, అమ్మ వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఒకటి విప్పితే ఎలా వేసిందో తెలుస్తుంది, నేర్చుకోవచ్చు అనుకుని చిన్న పట్టకారు తీశాను. ముడి దాకా తీసుకెళ్లి, చాలాసేపు అలాగే పట్టుకుని, మళ్లీ డబ్బాలో పెట్టేశాను. ఎలా వేసిందో తెలియకపోతే పోనీ.

ఓడకు అద్దాల పెట్టె చేయించాను. తాళ్లు లేకుండా, ముడులతో అలాగే ఉంది. మొన్న బావమరిది వచ్చి దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. బయట వాన పడుతోంది. ఆ మూసారాంబాగ్ మాట అంటాడేమోనని ఎదురుచూశాను. అనలేదు.