వదిన సానరాయి

మంచు మీద అయిదు వందల మీటర్ల స్కేటింగ్ పరుగును మా వదిన నలభై సెకన్లలోపు ముగించేది. "నేను చొక్కా గుండీలు పెట్టుకునేలోపు మీ వదిన పందెం గెలిచేస్తుందే" అనేవాడు అన్నయ్య. వరసగా ఆరేళ్లు ఛాంపియన్ ఆమే. బతుకుతెరువు మాత్రం పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీయడం.

ప్రాక్టీసుకు స్టేడియంలోని గరుకురాయి సరిపోయేది. పందేనికి మాత్రం ఇంట్లో దాచుకున్న నున్నటి సానరాయే కావాలి. స్కేట్లు రెండింటినీ బోర్లించి చట్రంలో బిగించి, రాతికి రెండు చుక్కల నూనె రాసి, బ్లేడ్ల మీద నూరేది. తరవాత అంచుకు బొటనవేలి గోరు ఆనించి గీసేది. గోటిపొడి రాలితే పదును వచ్చినట్టు.

ఆమె ముప్పై అయిదో ఏట జాతీయ జట్టులో ఒక్క చోటే మిగిలింది. పందెం గెలిచినవాళ్లకే అది. ఓడితే ఆ వయసులో మళ్లీ పిలవరు. ఆ పందెం రోజున ఎప్పటిలాగే పుస్తకం పట్టుకుని డ్రెస్సింగ్ రూములో ఆమె పక్కన కూర్చున్నాను. ఎంత నూరినా గోటిపొడి రాలలేదు. వదిన సంచిలోంచి స్టీలు స్కేలు తీసి రాతిమీద నిలబెట్టింది. మధ్యలో స్కేలు కిందనుంచి వెలుతురు కనబడింది. రాయి గుంటపడింది. గుంటపడిన రాయి అంచును మొద్దు చేస్తుంది.

"దీనిమీద ఎవరు నూరుతున్నారు?"

పుస్తకం మూశాను. "నేనే వదినా. కూరగాయల కత్తి."

"ఎన్నాళ్లనుంచి?"

"పందేలు లేని ఈ నాలుగు నెలలూ. ఉల్లిపాయలు భలే సన్నగా తరిగావని నువ్వే మెచ్చుకున్నావుగా..."

వదిన రాయిని చూసింది, నన్ను చూసింది. "ఆడపడుచు పోరంటే ఏమో అనుకున్నా" అంది. నవ్వలేదు.

ఎదుటి బల్లమీద పొడుగమ్మాయి లేసులు బిగించుకుంటోంది. వదినకన్నా పదేళ్లు చిన్నది. ఆ చోటుకు అసలు పోటీ ఆమెతోనే. వదిన లేచి వెళ్లి రాయి అడిగింది.

"నా రాయితో నూరుకుని నన్నే ఓడిస్తావా అక్కా?"

"రాయే కదమ్మా అడిగాను, నీ కాళ్లడిగానా?"

ఆ పిల్ల నవ్వేసి ఇచ్చింది. ఈసారి గోటిపొడి రాలింది.

సెకనును నూరు ముక్కలు చేస్తే మూడు ముక్కల తేడాతో వదిన ఓడిపోయింది. చోటు పొడుగమ్మాయికి వెళ్లింది.

"చేతికలవాటైన రాయి లేకపోబట్టే..." అని మొదలుపెట్టాడు కోచ్. నేను తల దించుకున్నాను.

"పదును బ్రహ్మాండంగా ఉంది సార్. కాళ్లే మాట వినలేదు" అంది వదిన.

అది నన్ను కాపాడటానికి చెప్పిన మాట కాదు. నేనూ చూశాను. చివరి మలుపులో ఆమె వంచిన నడుం పైకి లేచింది. అలిసిపోయినవాళ్లకే అలా లేస్తుంది.

మర్నాడు పోస్టాఫీసుకు బయల్దేరుతూ సానరాయిని తెచ్చి వంటింట్లో కత్తి పక్కన పెట్టింది.

"ఇక దొంగచాటుగా నూరక్కర్లేదు. నూనె మాత్రం నువ్వే కొనుక్కో."

ఇన్నేళ్లు నూరాక ఇప్పుడా గుంటలో నా బొటనవేలు ఇముడుతుంది.