గేటు ముందే దింపాలె

లక్డారం లింగానికి పదకొండేళ్ల నౌకరీలో ఒక్క ఆలస్యం మార్కు లేదు. పొద్దున బర్రెల పని ముగించుకుని, షేరింగ్ ఆటోలో బొల్లారం మలుపు దాకా వచ్చి, కంపెనీ బస్సు అక్కడ మెల్లగా తిరిగేటప్పుడు ఎక్కేసేవాడు. ఆటోల్లో వచ్చేవాళ్లను గేటు దగ్గర ఆపి కార్డు చూస్తారు, టైము రాస్తారు. బస్సును మాత్రం ఆపరు. అది ఎప్పుడొచ్చినా ఎనిమిదింటికి వచ్చినట్టే లెక్క. లింగం కార్డు ఏళ్ల తరబడి ఇంట్లో బియ్యం డబ్బా మీదే ఉండిపోయింది.

మందుల ఫ్యాక్టరీలో తూకం దగ్గర చేరిన మనిషి కంప్యూటర్ గదికి మారడానికి కారణం దుమ్ము. పట్నం నుంచి వచ్చిన ఇంజనీరు మూడు నెలలకే మానేశాడు. అప్పటిదాకా ఆ గదిలో దుమ్ము తుడిచిన లింగానికి అన్ని బటన్లూ తెలిసి ఉన్నాయి. ఆ మిషన్‌లో నడిచేది లినక్స్, ఊరూ పేరూ తెలియనివాళ్లు రాసి, రాసింది దాచుకోకుండా అందరి ముందూ పెట్టేసిన సాఫ్ట్‌వేర్. దాచుకోకపోవడం లింగానికి నచ్చింది, ఉచితం కావడం కంపెనీకి నచ్చింది.

ఇంగ్లీషు పుస్తకాలు చదవడం ఆయనకు నేర్పింది క్వాలిటీ కెమిస్టు హైమావతి. కాకినాడ నుంచి వచ్చి తొమ్మిదేళ్లుగా ఇక్కడే పనిచేస్తోంది. రెండువేల మూడు ఎండాకాలంలో, ఆవిడ ఆపమన్న సరుకు లారీ ఎక్కి వెళ్లిపోయింది. కంప్యూటర్ రిజిస్టర్‌లో చూస్తే 'ఓకే' అని, పక్కన ఆవిడ పేరు. ఆ రోజు ఆవిడ సెలవులో ఉంది, తల్లిని కంటి డాక్టరుకు చూపించడానికి సంగారెడ్డి వెళ్లింది. అయితే పాస్‌వర్డ్ ఎవరికో చెప్పి ఉంటావని పర్సనెల్ మేనేజర్ రాజారావు తేల్చేశాడు. సోమవారం విచారణ, ఆ సాయంత్రానికే ఉద్యోగం ఊడుతుందని అందరికీ తెలుసు. ఆవిడ ఎవరికీ చెప్పలేదని లింగానికి తెలుసు. తొమ్మిదేళ్లలో తన సీసా మంచినీళ్లు కూడా ఎవరినీ తాగనివ్వని మనిషి. ఆయనకు చాలా కోపం వచ్చింది. కోపం వస్తే ఆయన తిండి మానేయడు, రెండింతలు తింటాడు.

గురువారం అలా రెండు టిఫిన్లు తిని, ప్రొడక్షన్‌లో ఉన్న కంప్యూటర్ ముందు మామూలు కార్మికుడి పేరుతో లాగిన్ అయి కూర్చున్నాడు. అక్కడివాళ్లకు ఉన్న అధికారం ఒక్కటే, డ్రమ్ముల మీద అంటించే లేబుళ్లు కొట్టుకోవడం. ఆ లేబుల్ ప్రోగ్రాంకు ప్రింటర్ పని కోసం రూట్ అధికారం ఇచ్చారు. రూట్ అంటే ఆ మిషన్‌కు యజమాని, ఏ ఫైలైనా తెరవగలడు, ఏ పేరైనా మార్చగలడు. లేబుల్‌లో తప్పు దిద్దడానికి ప్రోగ్రాం ఒక ఎడిటర్‌ను తెరుస్తుంది, ఆ ఎడిటర్ కూడా రూట్ అధికారంతోనే నడుస్తుంది. లింగం అందులోంచి క్వాలిటీ రిజిస్టర్ తెరిచి, ఒక పాత సరుకు పక్కన ఓకే చేసింది లింగం అని రాశాడు. మిషన్ కిక్కురుమనకుండా ఒప్పుకుంది. దాన్ని చెరిపేశాడు. ఆ ప్రోగ్రాంను రెండేళ్ల కిందట ఇంటర్నెట్‌లోంచి దించి మిషన్‌లో పెట్టింది తనే.

ప్రోగ్రాం రాసినాయన కూడా తన రాత దాచుకోలేదు గనక అదంతా చదివాడు. ఎడిటర్‌ను పిలిచే ముందు రూట్ అధికారం వదిలెయ్యాలి, ఆ సంగతి ఎవరూ రాయలేదు. లింగం రెండు లైన్లు చేర్చి, పటాన్‌చెరు నెట్ సెంటర్ నుంచి ఆయనకు మెయిల్ పెట్టాడు. ఆదివారం జవాబొచ్చింది. తప్పు నిజమే, ధన్యవాదాలు, కానీ మీ రెండు లైన్లు తలకిందులుగా ఉన్నాయి, ముందు గ్రూపు అధికారం వదలాలి, యజమాని హోదా చివర వదలాలి, హోదా ముందే వదిలేస్తే మిగిలింది వదిలే హక్కు కూడా పోతుంది. లింగం లైన్లు తిరగేశాడు. కానీ మిషన్‌లో పెట్టలేదు. కన్నం పూడ్చేస్తే చూపించడానికి ఏమీ మిగలదు.

సోమవారం అందరి ముందూ చేసి చూపించాడు. దీన్ని ప్రివిలేజ్ ఎస్కలేషన్ అంటారని మెయిల్ చూసి చదివాడు. ప్రమోషన్ సంగతి ఇప్పుడెందుకని రాజారావు విసుక్కున్నాడు. హైమావతి తల వంచుకుని కూర్చుంది. లింగం ఆవిడ వైపు చూశాడు, తర్వాత కిటికీలోంచి బస్సు వైపు చూశాడు.

"సార్, గిది మన బస్సు లెక్కనే. బస్సు కంపెనీది గదా అని గేటుకాడ ఎవ్వల్ని అడుగరు. నేను పదకొండేండ్ల సంది మలుపు కాడ ఎక్కుతున్న. నా కార్డు ఇంట్లనే ఉంటది. ఆ ప్రోగ్రాం గూడ గట్లనే, ఎక్కినోల్లందర్నీ లోపటికి తీస్కపోతది. గేటు ముందే దింపాలె."

రాజారావుకు మొత్తం అర్థమైంది. షిఫ్టు ఇన్‌చార్జి కామరాజు కళ్లజోడు తీసి తుడుచుకుని, లేబుల్లో స్పెల్లింగ్ దిద్దబోతే ఆ దారి కనపడిందనీ, లారీ ఎదురుచూస్తోందని ఆవిడ పేరుతో ఓకే రాసింది తనేననీ ఒప్పుకున్నాడు. ఆయన్ని ఉద్యోగంలోంచి పంపించేశారు. హైమావతిని పనిలోకి రమ్మన్నారు.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట బస్సును గేటు బయటే ఆపాలి, అందరూ దిగి కార్డు చూపించాలి, ఎనిమిది దాటితే ఆలస్యం. కంప్యూటర్ గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఆ కన్నం లింగం తనంతట తానే పూడ్చాడు. బస్సులో ఆయనకు చోటివ్వడం మాత్రం అందరూ మానేశారు.

మొదటి రోజే లింగం కార్డు టిఫిన్ సంచిలో ఎక్కడో అడుగుకు పోయింది. సంచి నేల మీద పెట్టి వెతుకుతున్నాడు. వెనకవాళ్లు దాటుకుని వెళ్లిపోతున్నారు. హైమావతి కార్డు చేతిలోనే ఉంది, గడియారంలో ఎనిమిదికి ఇంకా రెండు నిమిషాలున్నాయి. వాచ్‌మన్ యాదన్న ఆవిడను రమ్మన్నాడు.

"ముందు ఆయన్ని రానివ్వండి" అని ఆవిడ పక్కకు జరిగి నిలబడింది.

కార్డు దొరికేసరికి ఎనిమిదీ మూడు. యాదన్న ఇద్దరికీ ఆలస్యం మార్కు వేశాడు. తొమ్మిదేళ్లలో ఆవిడకు అదే మొదటిది.