తొట్టిలోకి రెండో చేప

మా ఆయన పోయాక, మా అన్న ఎల్లారెడ్డి నుంచి వచ్చినప్పుడల్లా ముందుగదిలోని గాజు తొట్టి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసేవాడు. కర్మలన్నీ అయిపోయి, బంధువులు ఎవరిళ్లకు వాళ్లు వెళ్లాక ఒక మధ్యాహ్నం మనసులో మాట అనేశాడు.

"చెల్లె, దీన్ని ఎవలకన్నా ఇయ్యరాదు? పొద్దుగాల లేస్తే ఉప్పు కలుపుడు, నీళ్లు మోసుడు. బావ ఉన్నప్పుడంటే సరే. ట్రాలీ ఆటో నేను మాట్లాడుత."

ఆ తొట్టి మూడడుగుల పొడవుంటుంది. మా ఆయన మస్కట్‌లో చాలా ఏళ్లు పనిచేశాడు. ఒక హోటల్లో చేపల తొట్లు చూసుకునే పని. తిరిగి వచ్చి కామారెడ్డిలో ఇల్లు కట్టుకున్నాక, సముద్రపు చేపలు మన దగ్గర బతకవని అందరూ అంటుండగానే దీన్ని పెట్టాడు. దీనిలోకి బోరు నీళ్లు పనికిరావు. వడపోసిన నీటిలో ఇందుకోసమే అమ్మే ఉప్పును కొలిచి కలపాలి. ఎండకు నీరు తగ్గితే మాత్రం ఉప్పులేని నీరే పోయాలి, ఎందుకంటే నీరు ఆవిరవుతుంది గాని ఉప్పు కాదు. అడుగున తెల్లని ఇసుక, దానిపై రాళ్లు, రాళ్లమీద ప్రాణమున్న పగడాలు. వాటి మధ్య నారింజ రంగు ఒంటిమీద తెల్ల పట్టీలున్న క్లౌన్ చేప. ఆయన పోయేనాటికి తొట్టిలో ఉన్న చేప అదొక్కటే.

ఒంటరి చేప, ఒంటరి ఆడమనిషి అని పోలిక తెచ్చినవాళ్లు ఉన్నారు. నాకు నచ్చలేదు. చేపకు ఏమీ తక్కువ కాలేదు, అది తింటోంది, తిరుగుతోంది. నా సంగతి వేరు. ఆయన రెండో చేపను తెద్దామనుకుంటూ ఉండగానే పోయాడు. ఆ పని మిగిలిపోయింది. ఆయన బట్టలు పంచాను, మందులు పారేశాను. ఈ పనిని మాత్రం అలా వదిలేయలేకపోయాను.

"ఒక్క చేపను తెచ్చి ఏస్త అన్నా," అన్నాను. "అది బతికితే తొట్టి ఈడనే ఉంటది. సచ్చిపోతే నువ్వే తీస్కపో. నేను అడ్డం మాట్లాడ."

"మాటేనా?"

"మాటే."

మా అన్నది మంచి మనసు. ఓపిక తక్కువ. వారం తిరక్కముందే మళ్లీ వచ్చాడు. చేతిలో పెయింటు బకెట్, దానిమీద తడిగుడ్డ. గుడ్డ తీస్తే లోపల మూరెడు కొర్రమీను.

"ఏందన్నా ఇది?"

"తోడు. పోచారం డ్యాం కాడ పట్టింది. బతికున్నదే తెచ్చిన. బస్సుల అందరు దీన్నే సూసుడు. కండక్టరైతే దీనికి గూడ టికెట్ కొట్టాల్నా అన్నడు."

"అన్నా, ఇది మంచినీళ్ల చేప. ఉప్పునీళ్లల్ల ఏస్తే పానం పోతది."

"పోకుంటే?"

"పోకుంటే మా చేపను మింగుతది."

అన్న బకెట్లోకి వంగి కొర్రమీనును కాసేపు చూశాడు. "మింగుతది," అని ఒప్పుకున్నాడు. "మొఖమే గట్లున్నది."

దాన్ని పెరట్లో నీళ్ల గోలెంలో వేశాం. మర్నాడు పులుసు పెట్టాను. ఆయన పోయాక నేను రుచి తెలిసి తిన్న మొదటి కూర అదే.

ఆయన పుస్తకాలు అల్మారాలో ఉన్నాయి, ఇంగ్లీషువి. నాకు చదవడం అలవాటే, అయితే ఇలాంటివి ఎప్పుడూ చదవలేదు. ఏ చేప దేనితో కలుస్తుందో వాటిలో పట్టికలు వేసి ఉన్నాయి. పట్టికలను పక్కనపెట్టి కారణాలు చదివాను. చేపలు జాగా కోసం కొట్లాడతాయి, తిండి కోసం కొట్లాడతాయి. ఒకే ఆకారం, ఒకే రంగు ఉండి, ఒకే లోతులో తిరిగేవి ఒకదాన్నొకటి పోటీ అనుకుంటాయి. ముందు నుంచి ఉన్న చేప తొట్టి మొత్తం తనదే అనుకుంటుంది. కాబట్టి నడిమి నీళ్లలో తిరిగే మా క్లౌన్‌కు, అడుగున ఇసుకనే ఇల్లు చేసుకునేది కావాలి. అది పగడాలను కొరకకూడదు. పెరిగినా వేలెడంత దగ్గరే ఆగిపోవాలి. ఇన్నీ కుదిరేది గోబీ అనే చిన్న చేప. పేరు తెలిసిన రోజు నాకు ఆకలి బాగా వేసింది.

హైదరాబాద్‌కు రైల్లో వెళ్లాం. అన్న తోడు వస్తానన్నాడు. నేను మోసపోతానని తన భయం. షాపులో వరుసగా తొట్లు, నీలం వెలుతురు.

"అమ్మా, ఇది సూడండి," అన్నాడు షాపతను, అరచేతి వెడల్పున్న నీలం చేపను చూపిస్తూ. "కలర్ సూడండి. మీ టాంక్‌కే రౌనక్ వస్తది."

"మస్తున్నది చెల్లె," అన్నాడు అన్న.

"ఇది జానెడు దాటి పెరుగుతది అన్నా. మూడడుగులల్ల ఏడ ఈదుతది?"

"అయితే ఈ చిన్న నీలంది తీస్కోండి. డామ్సెల్. ఇంతకన్న ఎక్కువ పెరగదు."

"పెరగదు. కని పక్కన ఎవలను బతకనియ్యదు."

షాపతను నన్ను పరీక్షగా చూసి, పసుపు నలుపు చారలున్న ఇంకోటి చూపించాడు. సీతాకోక చేప. చాలా అందంగా ఉంది. దానికి పగడాలే తిండి అని చెప్పాను.

"వచ్చిన సంబంధమల్ల వాపస్ కొట్టవడ్తివి," అన్నాడు అన్న. "నీ పెండ్లప్పుడు గూడ ఇంత సతాయించలే."

మూలనున్న తొట్టిలో, ఇసుకలో పెట్టిన గొట్టం ముక్క నుంచి తల బయటపెట్టి చూస్తున్న పసుపు గోబీ కనబడింది. చిటికెన వేలంత ఉంది. "ఇది," అన్నాను.

అన్న మొహం వాడిపోయింది. "గిన్ని రంగులు పెట్టుకొని, ఈ ఏలంత దానికోసం రైలెక్కినమా?"

అయినా బేరం దగ్గరకు వచ్చేసరికి అన్నే ముందుకు వచ్చాడు. "తమ్మీ, ఇది మేత మేస్తదా?"

"తింటదన్నా."

"నువ్వు చెప్పుడు కాదు, నేను సూడాలె. అంగట్ల ఎడ్లను కొన్నా ముందట గడ్డి ఏసి సూస్తం. మెయ్యని ఎద్దును ఇంటికి తోలుకపోతమా?"

"ఎడ్లకు సూసినట్టు పండ్లు గూడ సూస్తవా అన్నా?" అన్నాను.

"నువ్వు ఊకో."

కొనేముందు చేప తినడం చూడాలని పుస్తకంలోనూ ఉంది. అడగడానికి నేను మొహమాటపడుతున్నాను. అన్నకు ఆ బాధ లేదు. షాపతను రొయ్య తురుము వేశాడు. గోబీ గొట్టంలోంచి దూసుకొచ్చి, నోట పట్టుకుని, వెనక్కే పోయింది. "ఇంకోపారి," అన్నాడు అన్న. రెండోసారి కూడా తిన్నాక, "ఇగ కట్టు," అన్నాడు.

ఇంటికి తెచ్చి, మా తొట్టి నీటిని చేప ఉన్న సంచిలోకి కొద్దికొద్దిగా కలిపి అలవాటు చేశాను. గోబీలు ఎగిరి బయట పడతాయని చదివి, కిటికీకి కొట్టే దోమల జాలిని పైన బిగించాను. అన్నీ సరిగ్గా చేసి చేపను వదిలాను. క్లౌన్ వచ్చింది, చూసింది, తరిమింది. గోబీ రాయి కిందికి పోతే అక్కడికి, ఇసుకలోకి పోతే అక్కడికి వెంటపడింది. మర్నాటికి దాని తోక అంచు చిరిగింది. అడుగున ఉండాల్సిన చేప పైమూలలో, నీటి అంచున వణుకుతూ నిలబడింది. మేత ముట్టలేదు.

అన్న ఫోను చేశాడు. "ఎట్లున్నది?"

"బాగలేదు."

"ఆటో గురించి ఇప్పుడు చెప్పనులే," అన్నాడు.

ఆ మాటకు నాకు ఏడుపు రావాలి. కోపం వచ్చింది. చేపను తప్పుగా ఎంచలేదని నాకు తెలుసు. అయితే తప్పు చేపలో లేదు, కలిపిన తీరులో ఉంది. కలపడం అన్న మాట తట్టగానే మా అమ్మ కోళ్లు గుర్తొచ్చాయి. కొత్త కోడిని కొంటే అమ్మ దాన్ని నేరుగా వాకిట్లోకి వదిలేది కాదు. గంప కింద మూసేది. పాత కోళ్లు గంప చుట్టూ తిరిగి, పొడిచి, అరిచి, చివరికి విసుగెత్తి ఎవరి పని అవి చూసుకునేవి. అప్పుడు గంప ఎత్తేది.

బజారుకు వెళ్లి, కూరగాయలు కడిగే చిల్లుల ప్లాస్టిక్ బుట్ట కొత్తది తెచ్చాను. సబ్బు తగలకుండా నీళ్లతోనే కడిగి, అడుగున ఇసుక పోసి, ఒక గొట్టం ముక్క పెట్టి తొట్టిలో వేలాడదీశాను. గోబీ నీటి అంచునే ఉంది కాబట్టి సులువుగా దొరికింది. బుట్టలో వేసి పైన జాలి కట్టాను. క్లౌన్ బుట్టను గుద్దింది. గుద్దనిచ్చాను. గోబీ బుట్టలోనే తినడం మొదలుపెట్టింది. తోక అంచు మెల్లగా అతుక్కుంది. కొన్నాళ్లకు క్లౌన్ బుట్ట పక్కనుంచే వెళుతూ తల కూడా తిప్పలేదు.

ఆదివారం పొద్దున అన్న వచ్చాడు. చెప్పులు విడవకముందే తొట్టిలోకి చూసి ఆగిపోయాడు.

"ఇదేందే? గంప కింద కోడిని మూసినట్టు!"

"గంపే అన్నా. ఇయ్యాల లేపుత."

అన్న కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. నేను బుట్టను వంచాను. గోబీ ఇసుకమీదికి దిగింది. క్లౌన్ తిన్నగా దాని మీదికి వచ్చింది. అన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. గోబీ ఈసారి పారిపోలేదు. ఉన్నచోటే ఉండి నోరు బార్లా తెరిచింది. ఆ నోరు దాని తలకంటే పెద్దగా కనబడింది. క్లౌన్ ఆగింది. ఒక క్షణం చూసింది. వెనక్కి తిరిగి తన పగడం దగ్గరకు పోయింది.

"అబ్బ! నోరున్న పిల్లను తెచ్చినవు చెల్లె!" అన్నాడు అన్న.

మేత వేశాను. నడిమి నీళ్లలో క్లౌన్ తింది, కిందికి రాలినది గోబీ తింది. ఒకదాని ముక్కకు ఒకటి రాలేదు. తరవాత గోబీ రాయి కింద ఇసుక తోడడం మొదలుపెట్టింది. నోటితో తీసుకొచ్చి బయట ఊసి, మళ్లీ లోపలికి. ఇల్లు కట్టుకుంటున్న చేప చచ్చిపోయే చేప కాదు.

నేను చదివాను, ఎంచాను, కలిపాను. ఆయన ఉంటే ఇంతకంటే బాగా చేసేవాడేమో, నాకు తెలియదు. నేను చేసింది సరిగ్గా అయింది. దుఃఖంలో ఉన్నానని దీన్ని తక్కువ చేసి రాయలేను.

అన్న వదినకు ఫోను చేసి, కెమెరా తొట్టివైపు తిప్పాడు. "మేము ఎంచిన చేప సూడు," అంటున్నాడు. "ముందట మేత ఏయించి మరీ తెచ్చిన."

"ఎల్లారెడ్డి బస్సు టైమైంది అన్నా," అన్నాను.

"పోనియ్," అన్నాడు, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంటూ.