నల్లగుట్ట దగ్గర వాగు

ఎనభైల చివర్లో, అరబ్బు దేశంలో బర్కా దగ్గర మా కంపెనీ సైట్. వెనకాలే ఒక వాదీ ఉండేది. వాదీ అంటే అక్కడి వాగు. పేరుకే వాగు, రాళ్లూ ఇసుకా తప్ప నీళ్లు ఉండేవి కావు. ఒక శుక్రవారం అక్కడ కూర్చుని, ఏదో ధ్యాసలో చేతులతో ఇసుక తోడుతున్నాను. వెనక నుంచి ఎవరో నవ్వారు.

"చెలిమె తీస్తున్నవా తమ్మీ? మోచెయ్యి దాక తోడినా ఈడ తడి తగలది. ఏ వాగు మీది?"

చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. పక్క రూమ్‌లో ఉండే మేస్త్రీ, ఆయనదీ అదే వాగు! మాది అడవిలో ఎగువ ఊరు, ఆయనది దిగువ.

ఇక ప్రతి శుక్రవారం ఇసుకలో పుల్లతో వాగు గీయడమే పని. గుట్టల్లో ఊట దగ్గర పుట్టి, బండల మీద జారి, మా మద్దిచెట్ల కింద మడుగు కట్టేదాకా నాది. టేకు అడవి దాటి, వాళ్ల పెసర చేలను ఒరుసుకుని, పెద్ద నదిలో కలిసేదాకా ఆయనది. నడుమ నల్లగుట్ట. అక్కడ వాగు ఎటు తిరుగుతుందో ఇద్దరమూ చూడలేదు. అయినా వాదన మానితేనా!

"తూర్పుకెల్లే పోతది," అనేవాణ్ణి.

"నీ మొకం! పడమటికెల్లి. నీళ్లు ఎట్ల వస్తయో దిగువోనికి ఎరుక గాదా?"

"ఆ నీళ్లు మీకు పంపేటిదే మేము గదనే అన్నా!"

చివరికి ఇద్దరం ఒకేసారి సెలవు మీద వెళ్లి, మా మడుగు నుంచి వాళ్ల రేవుదాకా కలిసి నడవాలనుకున్నాం. ఎండలో సిమెంటు మోస్తున్నా నాకు ఆ నడక మీదే ప్రాణం. కంపెనీ సరేనన్నా, ఇద్దరినీ ఒకేసారి పంపడానికి ఫోర్‌మన్ ఒప్పుకోలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అలాగ.

మేస్త్రీ ముందు వెళ్లొచ్చాడు. బ్యాగు దించకముందే అడిగాను, ఎటు తిరిగిందని.

"గుట్ట దాక పోయి వాపసొచ్చిన. చూసినంక నీతోని కొట్లాడుడు ఏముంటది తమ్మీ?"

నాకు ఒళ్లు మండింది. అంత దూరం వెళ్లి చూడకుండా వస్తారా ఎవరైనా!

తర్వాత ఆయన్ని సూర్ సైట్‌కు పంపారు. అక్కడే గుండె ఆగి పోయాడు. పెట్టెలో ఊరికి వెళ్లాడు. నాకు అప్పుడూ సెలవు దొరకలేదు.

నేను ఇంటికి వచ్చేశాక, ఒక ఎండాకాలం మడుగు నుంచి ఒక్కణ్ణే నడిచాను. నల్లగుట్ట కనిపించింది. ముందున్న బండ దాటితే మలుపు తెలిసిపోతుంది. ఇసుకలో చెలిమె తీసి, నీళ్లు తాగి, కాసేపు ఏడ్చి, వెనక్కి వచ్చేశాను.

వాగు తూర్పుకే పోతుంది. కాదంటే ఆయనొచ్చి చెప్పాలి.