సేవాసంఘానికి గిరాకీ పెంచిన సదాశివ

సదాశివ పగలు కరెంటాఫీసులో గుమాస్తా. మిగిలిన పొద్దంతా గౌలిపుర అంత్యక్రియల సేవాసంఘానికి కార్యదర్శి. మోసే మనుషులు లేని బీదిండ్లకు సంఘం చక్రాల బండి పంపి, శవాన్ని పురానాపూల్ శ్మశానం దాకా చేర్చేది.

1957లో ఒక కాలేజీవాళ్లు, డిగ్రీ అయినవాళ్లకని సాయంత్రం పూట బిజినెస్ మేనేజ్‌మెంట్ క్లాసులు తెరిచారు. అది చదివితే కంపెనీలో మేనేజరు కావచ్చని విని సదాశివ చేరాడు. డిగ్రీ అంతా ఉర్దూలో చదివినవాడికి ఇక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషు. ఇంటికొచ్చి భార్య రాధాబాయికి అప్పజెప్పేవాడు. ఆమె బియ్యం ఏరుకుంటూ ఊఁ కొట్టేది.

లెక్చరర్ బాబురావు బొంబాయిలో సబ్బులు అమ్మి వచ్చినవాడు. ఎవరి సంస్థకు వాళ్లు గిరాకీ పెంచే పథకం రాసి తెమ్మన్నాడు. సదాశివ లేచి తన సంస్థ ఏమిటో చెప్పాడు. బాబురావు, సూత్రం ఎక్కడైనా ఒకటేననీ, ముందు ఇల్లిల్లూ తిరిగి జనానికి ఏం కావాలో కనుక్కోమనీ అన్నాడు.

ఆదివారం సదాశివ బయలుదేరాడు. మొదట కైలాసం ఇంటికి వెళ్లి, అరుగు మీద ఎండ కాగుతున్న వాళ్ల నాయనను వయసెంత, దగ్గెట్లా ఉందని అడిగాడు. తర్వాత, మా సేవ సుమారుగా ఎప్పుడు అవసరం పడొచ్చని అడిగాడు. కైలాసం అతని రెక్క పట్టుకుని గల్లీ మొదటిదాకా దిగబెట్టి వచ్చాడు. మధ్యాహ్నానికల్లా అతన్ని చూస్తే తలుపులు మూసుకుంటున్నారు.

సంఘం అధ్యక్షుడు కృష్ణయ్య పిలిపించాడు. బండి చాలా రోజులు ఖాళీగా ఉంటోందనీ, పుస్తకం ప్రకారం అది నష్టమనీ సదాశివ వివరించాడు.

"బండి ఖాళీగుంటే మంచిదే గద సదాశివా," అన్నాడు కృష్ణయ్య. "దానికెందుకు ఫికర్?"

తలుపు మూయనిది మాణిక్యమ్మ ఒక్కతే. ఒంటరి ముసలమ్మ. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, ప్రశ్నలన్నీ విని, చెప్పింది:

"సచ్చినంక మీరు మంచిగనే తీస్కపోతరు బాబూ. మొన్న జరమొస్తే అఫ్జల్‌గంజ్ దవాఖానకు పోనీకి రిక్షా దొరకలే. పానముండంగ తీస్కపోయే బండి లేదా?"

సదాశివ మళ్లీ గల్లీ తిరిగి, దవాఖానకు పోయే బండి కావాలా అని ఆ ఒక్క మాటే అడిగాడు. ఈసారి కైలాసం నాయన తన పేరు ముందు రాసుకోమన్నాడు. కృష్ణయ్య ఇంట్లో ఊరికే పడున్న రిక్షాను బాగుచేయించి, సంఘం పేరు రాయించి నడిపారు. మొదటి రోగి ఎక్కబోతూ ఆ పేరు చదివి, తనకు జ్వరం తగ్గిందని ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే పేరు చెరిపేశారు. తర్వాత రిక్షా ఖాళీగా నిలబడిన రోజు లేదు.

పథకం చదివిన బాబురావు, దీనివల్ల అసలు వ్యాపారం తగ్గుతుంది కదా అన్నాడు. సదాశివ ఒప్పుకున్నాడు. పరీక్ష సెకండ్ క్లాసులో పాసయ్యాడు.

ఆ చదువుతో మలక్‌పేటలో ఒక బిస్కెట్ల కార్ఖానాకు ఉద్యోగం అడగబోయాడు. యజమాని ఇంతకుముందు ఏం నడిపావని అడిగితే దాచకుండా చెప్పాడు. ఆయన నవ్వి, గోదాం మేనేజరుగా తీసుకున్నాడు. అతను శవాల బండి నడిపిన సంగతి కూలీలకు తెలిసింది. సదాశివ ఎదురుపడి ఒంట్లో ఎట్లుందని పలకరిస్తే చాలు, మస్తుగున్నమని చెప్పి గబగబా బస్తాలెత్తేవారు. ఆ భయం పోవడానికి చాలా రోజులు పట్టింది.