కండె పేరు, ఖాదర్ సాబ్ పని

కోరుట్ల ఖాదర్ సాబ్ కన్నుమూశారని మొన్న పొద్దున జగిత్యాల మిత్రుడు ఫోన్ చేస్తే నిశ్చేష్టుణ్ణయ్యాను. నమ్మలేక మళ్ళీ నేనే ఫోన్ చేసి అడిగాను. సిరిసిల్లలో ఎక్కిన బస్సు రాస్తారోకోతో వేములవాడలో ఆగిపోయింది. నేను చేరేసరికి ఖననం ముగిసింది. గురుతుల్యుడికి పిడికెడు మట్టి వేసే భాగ్యం కూడా దక్కలేదు.

ఆయనది చిన్న డీటీపీ దుకాణం. ఉద్యమ కరపత్రాలు అక్కడే టైపు చేసేవాళ్ళం. మన మాటలన్నిటి కిందా కంప్యూటర్ తప్పంటూ ఎర్రగీత గీసేది. అది సహించలేక ఆయన తెలంగాణ మాటల నిఘంటువుతో ఒక సాఫ్ట్‌వేర్ రూపొందించి, ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి అని ఇంటర్నెట్‌లో పెట్టారు. కథలాపూర్ రైతు నోట కొత్త మాట వినపడితే చేతిలో పని ఆపి మరీ అందులోకి ఎక్కించేవారు. "ఇంట్ల ఉర్దూ మాట్లాడుతవు, నీకెందుకు సాబ్ గీ తెలుగు తండ్లాట?" అని ఎవరో అడిగితే నవ్వి, "ఇంట్ల మా అమ్మ మాట, బయట మీ అందరి మాట. రెండూ నావే" అన్నారు.

ఆ సాఫ్ట్‌వేర్‌కు పేరు పెట్టింది మాత్రం నేను. మగ్గాల ఇంట పుట్టినవాణ్ణి కనుక నూలు చుట్టే కండె పేరు పెట్టాను. ఏదో కంపెనీ ఆ పేరు మీద కన్నేసిందని వినగానే, ఎవరికీ చెప్పకుండా ట్రేడ్‌మార్కు నా పేరిట నమోదు చేయించుకున్నాను. అంతటితో ఆగినా బాగుండేది. జగిత్యాల మిత్రులు ఆ సాఫ్ట్‌వేర్‌కు మార్పులు చేసి అదే పేరుతో విడుదల చేస్తే, అహంకారం తలకెక్కి వాళ్ళకు వకీలు నోటీసు పంపాను.

బంద్ రోజున ఖాదర్ సాబ్ మా అందరినీ దుకాణానికి పిలిచారు. షట్టర్ సగం దించి ఉంది. జగిత్యాల వాళ్ళు నా మీదికి లేచారు. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"పేరు నీ మీద రాయించుకున్నవంట, నిజమేనా శీనూ?"

"కంపెనోడు గుంజుకుంటడని చేసిన సార్."

"ఆడు గుంజుకోకముందే నువ్వే గుంజుకుంటివి గద! రాష్ట్రం కోసం అందరం కలిసి రోడ్డు మీద కూసున్నం. ఒక్క పేరు కోసం మనల మనమే కోర్టుకు ఈడ్సుకుందామా?"

ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని, నా కళ్ళెదుటే, ప్రతి ఫైలులోంచీ ఆ పేరు తీసేశారు. "పేరు నువ్వుంచుకో. పని అందరిది" అన్నారు. తిట్టి ఉంటే భరించేవాణ్ణి. విసురుగా లేచి వచ్చేశాను. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

నేడు కోరుట్ల, జగిత్యాల, మా సిరిసిల్ల, మూడు ఊళ్ళలోనూ ఆయన సాఫ్ట్‌వేర్‌తోనే కరపత్రాలు సిద్ధమవుతున్నాయి. కండె పేరు నా బీరువాలో పత్రమై పడి ఉంది. దాన్ని రద్దు చేయమని నిన్ననే దరఖాస్తు పంపాను. అటువంటి నిస్వార్థ భాషాసేవకుణ్ణి ఈ గడ్డ మళ్ళీ చూడబోదు. ఆయన స్మృతికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. తప్పు నాదే సార్. ఈ మాట మీ దుకాణంలో, అందరి ముందూ, మీరు వింటుండగా చెప్పవలసింది.